చప్పిడి గెలుపు

గత శనివారం కెనడాలోని వాటర్లూలో మా అమ్మాయి కాలేజీ జట్టు సొంత కోర్టులో నాలుగు పాయింట్లతో గెలిచింది. గెలిచినట్టు ఎవరికీ అనిపించలేదు. లీగులో అట్టడుగున ఉన్న జట్టుతో ఆట. అయినా ఆఖరి నిమిషం దాకా ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. నా ముందు వరసలో ముఖానికి కాలేజీ రంగులు పూసుకొచ్చిన కుర్రాడు ఆట ముగియకముందే టిష్యూ కాగితంతో తుడిచేసుకోవడం మొదలుపెట్టాడు. పక్కనున్న పెద్దమనిషి కోటు జిప్పు లాక్కుంటూ, "దీనికోసమా మంచులో ఇంతదూరం డ్రైవ్ చేసుకుని వచ్చాం?" అన్నాడు భార్యతో.

"గెలిచారుగా" అందావిడ.

"వీళ్ళు గెలవలేదు. వాళ్ళు ఓడారు, అంతే."

మామూలుగా అయితే నేనూ ఆయనతో గొంతు కలిపేవాణ్ణి. నా దగ్గర అప్పటికే పదమూడు తప్పుల జాబితా సిద్ధంగా ఉంది. కానీ నా చూపు అలవాటు కొద్దీ కోర్టు పక్కనున్న పొడవాటి బల్ల మీదికి, ఎడమనుంచి మూడో కుర్చీ మీదికి పోయింది. అక్కడ ఇప్పుడు పొట్టి జుట్టు అమ్మాయి ఒకతె కూర్చుంటోంది. అంతకుముందు అక్కడ కూర్చునే పెద్దాయన వేసవి చివర్లో పోయాడు. ఆ సంగతి మా అమ్మాయే మెసేజ్ పెట్టింది: "షాట్ క్లాక్ తాత ఇక లేరు డాడ్." అప్పుడు నేను నాలుగొందల ఒకటో నంబరు హైవే మీద ఉన్నాను. తర్వాతి ఎగ్జిట్ తీసుకుని, ఎవరిదో దుకాణం ముందు కారు ఆపి, ఆ ఒక్క వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదివాను.

ఆ కుర్చీ పని ఏమిటో చెప్పాలి. బాస్కెట్‌బాల్‌లో బంతి చేతికొచ్చిన జట్టు ఇరవైనాలుగు సెకన్లలో దాన్ని బుట్టకు వేయాలి. లేకపోతే అది వయొలేషను, బంతి అవతలివాళ్ళకు పోతుంది. వేసిన బంతి రింగుకు తగిలి, మళ్ళీ వాళ్ళ చేతికే వస్తే పద్నాలుగు సెకన్లు కొత్తగా దొరుకుతాయి. రింగుకు తగలకపోతే ఏమీ దొరకవు, మిగిలిన సెకన్లలోనే పని కానివ్వాలి. ఈ సెకన్లను చూపించేదే షాట్ క్లాక్. దాన్ని నడిపే మనిషి ఆ బల్ల దగ్గర ఒక చిన్న పెట్టె మీద బొటనవేలు పెట్టుకుని కూర్చుంటాడు. వందలమంది ఆటను చూస్తారు, గడియారాన్ని చూస్తారు. ఆ బొటనవేలిని ఎవరూ చూడరు.

నేను చూశాను. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడమే నా ఉద్యోగం. మిస్సిసాగాలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగం నాది. లేబుల్ రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగితే బ్యాచ్ మొత్తం ఆపేస్తాను. ఆఫీసు బయట కూడా ఊరుకోను. మంచు తోసే బండి మా వాకిలికి అడ్డంగా గుట్ట పోసిందని సిటీకి తొమ్మిదిసార్లు రాశాను. ఉగాది సభకు అరవై కుర్చీలు మోసిన నన్ను వదిలేసి, మైకు పట్టుకు తిరిగిన వాళ్ళందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పిన తెలుగు సంఘం కార్యదర్శికి రాశాను. ఆ ఉగాది అయి పదకొండేళ్ళు. ఆయన ఇప్పటికీ కూరగాయల దుకాణంలో కనిపిస్తే నవ్వుతాడు. నేను నవ్వను. ఇన్ని రాస్తే అందరి దగ్గర్నుంచీ వచ్చింది ఒకటే జవాబు: మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది. తప్పు జరిగిందని ఒక్కరు ఒప్పుకుంటే ఒట్టు.

మూడేళ్ళ క్రితం, మా అమ్మాయి కాలేజీలో చేరిన మొదటి సంవత్సరం, మొదటి సొంత ఆట. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టారు కాబట్టి నాకు కోర్టులో చూడాల్సింది పెద్దగా లేదు. బల్ల వైపు చూస్తూ కూర్చున్నాను. ఆటకుండే నాలుగు పావుల్లో మూడోదాంట్లో షాట్ క్లాక్ అర సెకను ఆలస్యంగా మొదలైంది. ఆ సాయంత్రమే క్రీడా విభాగానికి ఉత్తరం రాశాను. ఏ పావు, ఎన్నో నిమిషం, నేను కూర్చున్నది ఎన్నో వరస, అన్నీ వివరంగా పెట్టాను.

తర్వాతి శనివారం కాఫీ కోసం మెట్లు దిగుతుంటే ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకున్న ముసలాయన ఒకడు దారికి అడ్డంగా నిలబడ్డాడు. బక్కపలచని మనిషి. చేతిలో ఫ్లాస్కు.

"ఆ లెటర్ రాసినోడివి నువ్వేనా బావూ?"

తెలుగు వినపడేసరికి ఒక మెట్టు తప్పబోయాను. "నేనే. పేరు చూసి పట్టారా? అయినా రాసిందాంట్లో తప్పేమన్నా ఉందా?" అన్నాను. తగువుకు మూడు సమాధానాలు సిద్ధం చేసుకునే ఉన్నాను.

"నేదు బావూ. అర సెకను లేటే. దగ్గొచ్చింది. నాదే తప్పు."

మూడు సమాధానాల్లో ఒక్కటీ పనికిరాలేదు.

"ఇరవై ఏళ్ళై ఈ పని సేస్తన్నాను. ముందు సర్రేలో, ఇప్పుడిక్కడ. రిఫరీని తిడతారు, కోచ్‌ని తిడతారు, ఆకరికి పాప్‌కార్న్ అమ్మినోణ్ణి కూడా తిడతారు. నన్ను ఒక్కడూ తిట్టనేదు. అంటే నన్ను ఒక్కడూ సూడనేదన్నమాటే గదా?" అని ఫ్లాస్కు మూతలో అల్లం టీ పోసి నా చేతిలో పెట్టాడు. "ఆ లెటర్ కాపీ ఒకటి ఇస్తావా? దాసుకుంటాను."

వేళాకోళం అనుకున్నాను. కాదు. మళ్ళీ వారం అడిగాడు, ఆపై వారం కూడా అడిగాడు. ప్రింటు తీసి ఇస్తే నాలుగు మడతలు పెట్టి, షాట్ క్లాక్ పెట్టెను దాచుకునే సంచీ అరలో పెట్టుకున్నాడు. యాభై ఏళ్ళు దాటిన నా బతుకులో, నా ఫిర్యాదుకు "నాదే తప్పు" అన్న మొదటి మనిషి ఆయన. నన్ను చిన్నబుచ్చినవాళ్ళను నేను మరిచిపోనని నన్నెరిగిన వాళ్ళంతా అంటారు. నిజమే. ఆ మాట అన్నవాణ్ణి కూడా మరిచిపోలేదు.

ఆయన ముత్తాత విజయనగరం వైపునుంచి ఫిజీ చెరుకు తోటలకు వెళ్ళాడట. ఆయన అక్కడే పుట్టి, కెనడా వచ్చి, పడమటి తీరాన సర్రేలో బస్సు నడిపాడట. అంతకుమించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా మాటలు ఎక్కువగా ఆట గురించే. ఆయన తెలుగులో నాకు తెలియని పాతమాటలు ఉండేవి, మధ్యలో హిందీ ముక్కలు తగిలేవి. "ఈ తెలుగు పడవెక్కి వచ్చింది బావూ, కాసింత ఉప్పునీళ్ళు తగిలినయ్" అనేవాడు.

బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు ఏ జట్టు వైపూ ఉండకూడదు. చప్పట్లు కొట్టకూడదు. పెద్దాయన ఆ నియమాన్ని ఎంత గట్టిగా పాటించేవాడంటే, ఆట లేనప్పుడు కూడా, జాతీయగీతం అయ్యాక అందరూ చప్పట్లు కొడుతుంటే రెండు చేతులూ తొడల కింద పెట్టుకునేవాడు. కానీ మనవాళ్ళు అందంగా ఒక బాస్కెట్ వేస్తే బల్ల కింద ఆయన కుడి బూటు ఒక్కసారి నేలను తాకేది. ఐదో వరసనుంచి అది నాకు కనిపించేది. అడిగితే, "సేతులకి రూలుంది గానీ కాళ్ళకి నేదు గదా" అన్నాడు.

ఆయన కుడి బొటనవేలు ఎప్పుడూ ఊరుకునేది కాదు. టీ తాగుతుంటే మూత మీద నొక్కేది. పార్కింగులో నాతో మాట్లాడుతుంటే కోటు బొత్తాం మీద నొక్కేది. నేను సిటీ మీదో, కార్యదర్శి మీదో విరుచుకుపడుతుంటే ఆ బొత్తాం నొక్కి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకునేవాడు. నేను ఆపగానే, "యాభైరెండు సెకన్లు. రెండుసార్లు వయొలేషను" అనేవాడు.

ఆట అయ్యాక జనం గొణుక్కుంటూ వెళ్ళిపోయే రోజుల్లోనే ఆయన హుషారుగా ఉండేవాడు. ఇరవై పాయింట్లతో గెలిచిన రోజు ఏమీ అనేవాడు కాదు. ఒకటి రెండు పాయింట్లతో, తప్పుల మీద తప్పులు చేసి, చెమటోడ్చి గెలిచిన రోజు మాత్రం వైరు చుట్టుకుంటూ, "సప్పిడి కూడైనా కూడే బావూ" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఉప్పు వేయడం మరిచిపోయినవాణ్ణి అడగొద్దా అనేవాణ్ణి. "అడుగు. తిన్నాక అడుగు" అనేవాడు.

మా అమ్మాయికీ ఆయనకూ ఎలా కుదిరిందో నాకు తెలియదు. నేను తెలుగులో అడిగితే ఆమె ఇంగ్లీషులో జవాబిస్తుంది, పుట్టినప్పటినుంచీ అంతే. ఆయన మాత్రం వార్మప్ చేస్తున్నవాళ్ళలోంచి పిలిచి, "ఎలాగున్నావమ్మా?" అంటే, బంతి ఆపకుండానే, "బాగున్నాను తాతా" అనేది. ఆ రెండు మాటలకోసం నేను గంట ముందే వచ్చి కూర్చునేవాణ్ణి.

రెండో సంవత్సరం వచ్చేసరికి ఆమెను అప్పుడప్పుడు కోర్టులోకి దింపడం మొదలుపెట్టారు. నేను కూడా నా పని మొదలుపెట్టాను. ప్రతి ఆట తర్వాత ఆమె చేసిన తప్పులు వరుసగా రాసి మెసేజ్ పెట్టేవాణ్ణి. ఆమె బాగుపడాలనే. జనవరిలో ఒక మెసేజ్‌కు జవాబు రాలేదు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది.

"డాడ్, ఈ శనివారం రా. ఆ తర్వాత ఇంక రావద్దు, ప్లీజ్."

"ఏం, నేనేం చేశాను?"

"నువ్వు నన్ను చూడ్డానికి రావు డాడ్. ఇన్‌స్పెక్షన్‌కి వస్తావు."

ఇంగ్లీషులో అన్నది. ఏ భాషలో అన్నా అంతే తగిలేది. ఆ శనివారం ఐదో వరస చివర నా చోట్లో, ఇదే ఆఖరిసారి అనుకుంటూ కూర్చున్నాను. పెద్దాయనకు చెప్పాను. ఆయన బొత్తాం నొక్కలేదు. "అలాగా" అన్నాడంతే.

ఆనాటి ఆట మొన్నటికంటే అధ్వాన్నం. అప్పుడూ అవతలిది ఆఖరి స్థానంలో ఉన్న జట్టే. మనవాళ్ళు అందిన బంతి జారవిడుస్తున్నారు. నా పక్కనున్న లావుపాటాయన మొదటి పావునుంచీ సణుగుతూనే ఉన్నాడు. ఇద్దరు ఆటగాళ్ళు ఫౌళ్ళతో బయటికి పోవడంతో చివరి రెండు నిమిషాలకు మా అమ్మాయిని దింపక తప్పలేదు. సొంత కోర్టులో ఆమె అప్పటిదాకా ఒక్క బాస్కెట్ కూడా వేయలేదు.

నిమిషం లోపే ఉంది. మనవాళ్ళు ఒక్క పాయింటు ముందున్నారు. బంతి మనదే. షాట్ క్లాక్ మీద ఒక్క సెకను మిగిలి ఉండగా మా అమ్మాయి జతగత్తె కంగారుగా బంతి విసిరింది. అది రింగుకు ఒక జానెడు కింద, గాలిలోంచి పోయి తిన్నగా మా అమ్మాయి చేతుల్లో పడింది. రింగుకు తగల్లేదు. నేను చూశాను. అంటే ఉన్న ఒక్క సెకనే ఉండాలి. కానీ షాట్ క్లాక్ పద్నాలుగుకు పోయింది. మా అమ్మాయి బంతిని బయటికి తీసుకెళ్ళి, ఒకరిని తప్పించి, లోపలికొచ్చి, బోర్డుకు కొట్టి బుట్టలో వేసింది.

నేను లేచి అరిచాను. రెండు చేతులూ ఎర్రబడేలా చప్పట్లు కొట్టాను. పక్కనున్న లావుపాటాయన నన్ను కావలించుకుంటే ఊరుకున్నాను.

అప్పుడు పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఆయన ఆట మధ్యలో లేవడం నేనెన్నడూ చూడలేదు. ఎడమచెయ్యి పైకెత్తి రిఫరీని పిలిచాడు. వాళ్ళు ముగ్గురు నలుగురు బల్ల దగ్గర గుమిగూడారు. రిఫరీ తిరిగొచ్చి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. బాస్కెట్ చెల్లదు.

జనం అంతసేపూ దాచుకున్న విసుగంతా ఆయన మీద కుమ్మరించారు. కూర్చో అన్నారు. ఇంటికి పొమ్మన్నారు. నువ్వు ఎవరి మనిషివి అన్నారు. నేను తెలుగులో అరిచాను: "ఏంటిది అంకుల్! మన పిల్ల కదా!" ఆ హాల్లో మా అమ్మాయి కాక ఆ మాట అర్థమయ్యే మనిషి ఆయనొక్కడే. తల ఎత్తి ఐదో వరస వైపు చూశాడు. కూర్చున్నాడు.

అవతలివాళ్ళు చివరి బంతిని వృథా చేసుకోవడంతో మనవాళ్ళు ఒక్క పాయింటుతో గెలిచారు. ఎవరూ లేచి నిలబడలేదు. "ఇలాంటి గెలుపు ఇంటికి తీసుకెళ్ళి ఎవరికి చూపిస్తాం?" అంటూ లావుపాటాయన నన్ను దాటుకుని వెళ్ళిపోయాడు.

నేను గబగబా మెట్లు దిగాను. పెద్దాయన వంగి వైరు చుట్టుకుంటున్నాడు.

"ఎందుకు చెప్పారు? ఎవరూ చూడలేదు" అన్నాను.

"నువ్వు సూసినావు గదా."

"నేను చూడలేదు."

ఆయన తల ఎత్తి నవ్వాడు. "నా అర సెకను దగ్గుని అంత దూరంనుంచి పట్టుకున్నోడివి. జానెడు కింద పోయిన బంతి నీకు కనపడనేదా బావూ?"

నేను చూపు బోర్డు వైపు తిప్పుకున్నాను.

"ఏలు నొక్కీగానే పైకి సూసినాను. అరుస్తావనుకున్నాను. తప్పు తప్పు అని దిగొస్తావనుకున్నాను. బంతి బుట్టలో పడ్డాక సూస్తే నువ్వేమో సప్పట్లు కొడతన్నావు."

"పొరపాటేగా? అందరూ చేస్తారు. వదిలేయొచ్చుగా?"

వైరు చుట్టడం ఆపాడు. బొటనవేలును రెండోచేత్తో పట్టుకుని, ఎవరిదో పిల్లవాణ్ణి పట్టి తెచ్చినట్టు నాకు చూపించాడు. "పొరపాటైతే వదిలీసేవోణ్ణేమో. తగల్నేదని నాకు కనపడతానే ఉంది. బంతి పట్టింది మన పిల్ల అని ఇది దానంతటదే నొక్కీసింది. ఇన్నేళ్ళలో ఎవురి పక్కకీ పోనేదు. ఇయ్యాళ పోయింది. అది పొరపాటు కాదు బావూ, పక్షపాతం. అందుకే సెప్పాల్సొచ్చింది."

వెనక మా అమ్మాయి నిలబడి ఉంది. తడి జుట్టు, భుజాన సంచీ. ఎంతసేపయిందో వచ్చి. ఆయన ఆమెను చూసి, "నీ బాస్కెట్ తీసీసినాను అమ్మా" అన్నాడు.

"ఇట్స్ ఓకే తాతా. రింగుకి తగల్లేదు. ఐ కాట్ ఇట్, ఐ నో." ఆ తర్వాత నా వైపు తిరిగింది. "డాడ్, నువ్వు చూశావా?"

అబద్ధం ఆడొచ్చు. ఆడితే పెద్దాయన నన్ను పట్టించేవాడు కాదని కూడా తెలుసు. కానీ ఆయన ఇప్పుడే, ఇన్ని వందలమంది చేత తిట్లు తిని నిలబడి ఉన్నాడు. ఆయన ముందు నాకు నోరు రాలేదు.

"చూశాను. తగల్లేదు. నాదే తప్పు" అన్నాను. ఆ మాట నేను అనడం అదే మొదటిసారి అనుకుంటాను.

"చూసి కూడా ఊరుకున్నావా? నువ్వా?"

"నీ బాస్కెట్ కదా" అన్నాను.

ఆమె నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. పెద్దాయన వైపు చూసింది. ఒకరు వేలు ఆపుకోలేనివారు, ఒకరు చప్పట్లు ఆపుకోలేనివారు. పగలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరు ముసలివాళ్ళు కలిసి నాకోసం మోసం చేశారు, అదీ సరిగా చేతకాలేదు అని ఇంగ్లీషులో అంటూ నవ్వింది. నేను అప్పటికి ముసలివాణ్ణి కాను. ఆ మాట కూడా గుర్తుపెట్టుకున్నాను. పార్కింగు దాకా నాతో నడిచొచ్చి, కారు తలుపు వేస్తూ, "వచ్చే శనివారం రెండింటికి డాడ్. లేట్ అవ్వకు" అంది. రావద్దన్నది తను మరిచిపోయిందని నేను గుర్తు చేయలేదు. వదిలేసిన తప్పుల్లో అది రెండోది.

మొన్న శనివారం ఆట అయ్యాక ఆ కుర్చీ దగ్గరికి దిగి వెళ్ళాను. మూడో పావులో ఆ పొట్టి జుట్టు అమ్మాయి గడియారాన్ని అర సెకను ఆలస్యంగా వదిలింది. ఉత్తరం రాయడానికి ఫోన్ తీశాను కూడా. తీసినవాణ్ణి మళ్ళీ జేబులో పెట్టుకుని, స్వయంగా చెబుదామని వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆమె, "ఐదో వరస చివర కూర్చునేది మీరేనా?" అంది.

వేసవిలో పెద్దాయనే ఆమెకు పని నేర్పాడట. మొదటిరోజే చెప్పాడట: "ఐదో వరస చివర ఒకాయన కూర్చుంటాడు. వందలమందిలో ఆయనొక్కడే నిన్ను చూస్తాడు. నీ తప్పు పట్టుకుంటే భయపడకు, సంతోషించు. తప్పు చేసి ఒప్పుకోలేకపోయినప్పుడు భయపడు." సంచీ అరలోంచి ఒక కాగితం తీసి చూపించింది. నాలుగు మడతల దగ్గరా చిరిగితే టేపు వేసి అతికించి ఉంది. ఏ పావు, ఎన్నో నిమిషం, ఎన్నో వరస, అన్నీ నా మాటలే.

"మూడో పావులో అర సెకను" అన్నాను.

"అవును. తుమ్మొచ్చింది. నా తప్పే" అందామె.

మా అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. ఇది ఆమె ఆఖరి సంవత్సరం. ఖాళీ అయిన వరసల్లో నలిగిన పాప్‌కార్న్ పొట్లాలు, ఎవరో వదిలేసిన కాలేజీ జెండా. నా ముఖం చూసి, "సరే చెప్పు, ఇవాళ ఎన్ని తప్పులు?" అంది.

"పదమూడు" అన్నాను. "చప్పిడి ఆట."

మా అమ్మాయి ఆ కుర్చీ వైపు చూసింది. బూటు ముందుభాగంతో నేలను ఒక్కసారి తట్టింది. తర్వాత నాతో, తెలుగులో, అచ్చం ఆయన యాసలో అంది:

"సప్పిడి కూడైనా కూడే బావూ."